చత్వారం

సూదిలో దారం ఎక్కడం లేదు. దారం కొసను నోట తడిపారు, వేళ్లతో నలిపారు, సూదిని దీపం వైపు ఎత్తి పట్టుకున్నారు. అయినా సూదిబెజ్జం దొరకదు. చివరికి మనవరాలిని పిలవాలి. బియ్యం ఎంత ఏరినా ఒక రాయి మిగిలిపోతుంది. అది సరిగ్గా ఇంటాయన పంటికిందే పడుతుంది. మందుబిళ్లల అట్ట మీద తేదీ కనిపించదు. ఫోన్ మోగితే ఎవరు చేస్తున్నారో తెలియదు, ఎత్తి గొంతు విన్నాకే తెలుస్తుంది.

నలభై దాటిన ఆడవాళ్లున్న ఇళ్లలో ఇవన్నీ మామూలే. "వయసు మీద పడుతోంది" అని ఊరుకుంటారు. వయసు మాట నిజమే. కానీ ఊరుకోవలసిన పని లేదు.

దగ్గరి చూపు ఇలా తగ్గడాన్ని చత్వారం అంటారు. నలభై ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది కనుకనే ఆ పేరు. ఇది జబ్బు కాదు. జుట్టు నెరిసినట్టే ఇదీను. ఆడవాళ్లకూ వస్తుంది, మగవాళ్లకూ వస్తుంది. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లు దీన్ని తొందరగా పసిగడతారు. పేపరు దూరం పెట్టుకుని చదవాల్సి రాగానే వెళ్లి కళ్లజోడు తెచ్చుకుంటారు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లకే అసలు చిక్కు. వాళ్లు పలక పట్టే వయసూ, చత్వారం వచ్చే వయసూ ఒకటే. అక్షరం కనిపించకపోతే కళ్లను అనుమానించరు. తమ తెలివినే అనుమానిస్తారు.

ఆర్మూరు దగ్గర ఒక ఊళ్లో ఒకామె ఉంది. వయసు నలభై ఆరు. బీడీలు చేస్తుంది. రాత్రి బడిలో నాలుగు నెలల్లో అక్షరాలు నేర్చుకుంది. నల్లబల్ల మీద రాసినవి గడగడా చదివేది. మొదటి పుస్తకంలో అక్షరాలు పెద్దవి, అదీ గడిచింది. రెండో పుస్తకం ఇచ్చారు. అందులో అక్షరాలు చిన్నవి. ప, ఫ, ష, వ అన్నీ ఒకేలా అనిపించాయి. మ ఏదో, య ఏదో తెలియలేదు. వత్తులైతే అక్షరం కింద చీమలు పాకినట్టు ఉన్నాయి. తలనొప్పి కూడా వచ్చేది.

ఆమె బడికి వెళ్లడం మానేసింది. "నా బుర్రకు ఎక్కుత లేదు బిడ్డా. ఈ వయసుల నాకెందుకు?" అంది, పిలవడానికి వచ్చిన టీచరు పిల్లతో. ఆ నెల పొదుపు సంఘం పుస్తకంలో సంతకం పెట్టాల్సిన చోటు ఆమెకు ఆనలేదు. మళ్లీ వేలిముద్ర వేసింది. నేర్చుకున్న చదువు అలా చేజారిపోయింది.

బీడీల పని కూడా తగ్గింది. తునికాకును నానబెట్టాలి. రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. పొగాకు సమంగా పరిచి చుట్టాలి, కొస మడవాలి, సన్నని దారం కట్టాలి. ఇదంతా కళ్లకు దగ్గరగా చేసే పనే. అలవాటైన చేతులు చూడకుండానే చాలా పని చేస్తాయి. కానీ ఆకులో చిల్లు ఉంటే చెయ్యి చెప్పలేదు. బాగాలేవని తీసిపారేసే బీడీలు ఎక్కువయ్యాయి. వెయ్యి బీడీలకు ఇంత అని ఇచ్చే కూలి అది. పారేసిన బీడీకి కూలి రాదు.

ఒకరోజు ఆమె, టీచరు పిల్ల కలిసి నిజామాబాదులో పెళ్లికి బయలుదేరారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు. అందుకే ఇదివరకు ఇంటికొకరు వెళ్లే పెళ్లిళ్లకు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు వెళుతున్నారు. బస్టాండులో ఆమె దూరం నుంచే బోర్డు చూసి, "గది మనది కాదే, బోధన్ బస్సు" అంది. తర్వాత వచ్చిన బస్సు ఎక్కి కూర్చున్నారు. టీచరు పిల్ల పెళ్లికార్డు తీసి ఇచ్చింది.

"చిన్నమ్మా, ముహూర్తం ఎన్ని గంటలకో చూడరాదు?"

"నాకేం తెలుస్తది? అక్షరాలన్నీ మర్చిపోయిన. నువ్వే చూడు."

"ఇప్పుడే గంత దూరంల ఉన్న బోర్డు చదివితివి గదా!"

ఆమె దగ్గర జవాబు లేదు. టీచరు పిల్ల ఆ కార్డును తీసుకుని, చెయ్యి బారున చాపి, ఎదురుగా పట్టుకుంది. "ఇప్పుడు చదువు" అంది. ఆమె కళ్లు చికిలించింది. "ఉదయం... పది గంటల... నలభై నిమిషాలకు" అని చదివింది. తర్వాత పెళ్లికూతురి పేరు చదివింది. తండ్రి పేరు చదివింది. ఊరు చేరేలోగా కార్డంతా చదివేసింది.

దూరం అక్షరాలు కనిపించి, దగ్గరివి ఎందుకు కనిపించవు? కంటిపాప వెనుక చిన్న బిళ్ల లాంటిది ఒకటి ఉంటుంది. నీళ్లలా తేటగా ఉంటుంది. దాన్ని కటకం అంటారు. చిన్న వయసులో అది మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కాస్త ఉబ్బుతుంది. దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. వయసు పెరిగేకొద్దీ అది గట్టిపడుతుంది. పాతబడిన రబ్బరు సాగనట్టే, అది కూడా ఉబ్బలేదు. ఆ తక్కువైన బలాన్ని కళ్లజోడు ఇస్తుంది. అంతే.

"అద్దాలు పెడితే చూపు ఇంకా మందగిస్తుంది" అని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా కటకం అరవై ఏళ్ల దాకా నెమ్మదిగా గట్టిపడుతూనే ఉంటుంది. అందుకే కొన్నేళ్లకొకసారి అద్దాల నెంబరు మారుతుంది. నలభై దాటాక ఒకటి ఉండే నెంబరు, అరవై నాటికి రెండున్నర దాకా వెళుతుంది. అది అద్దాల తప్పు కాదు.

అద్దాలు కొనకపోవడానికి భయం కన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఇంట్లో డబ్బు ముందు పిల్లల ఫీజులకు పోతుంది, తర్వాత ఎరువులకు, చుట్టాల పెళ్లిళ్లకు. ఇంటి ఇల్లాలి కళ్ల వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. ఆమె కూడా అడగదు. దగ్గరి చూపు అద్దాలు వంద, రెండు వందల రూపాయలకు కూడా దొరుకుతాయి. పారేసిన బీడీల కూలి లెక్క వేస్తే అద్దాలు లేకపోవడమే ఎక్కువ ఖర్చు.

ఈ లెక్కను అస్సాంలో నిజంగానే వేసి చూశారు. అక్కడి తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలను తీసుకున్నారు. ఆకు కోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. సగం మందికి ముందే అద్దాలిచ్చారు. మిగిలినవాళ్లకు పరీక్ష అయ్యాక ఇచ్చారు. రోజూ కోసిన ఆకు తూచారు. అద్దాలున్న వారి పని, లేనివారి పని కన్నా నూటికి ఇరవైకి పైగా ఎక్కువ పెరిగింది. 2018లో ఈ సంగతి వైద్య పత్రికలో అచ్చయింది.

ఇంట్లోనే కళ్లను చూసుకోవడం ఎలా? పగటి వెలుతురులో కూర్చోండి. ఈ పుస్తకాన్ని జానెడున్నర దూరంలో పట్టుకోండి. ఒక అరచేత్తో ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒక వాక్యం చదవండి. కన్నును నొక్కకూడదు. తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కంటితో చదవండి. విడివిడిగా చూడడం చాలా ముఖ్యం. ఒక కంట్లో చూపు పోతున్నా, రెండో కన్ను దాన్ని కప్పేస్తుంది. నెలల తరబడి మనిషికి తెలియదు. అక్షరం మసకగా ఉండి, దూరం జరిపితే తేటపడితే అది చత్వారం. దూరం జరిపినా మసకే అయితే వేరే కారణం ఉంది. ఆలస్యం చేయకూడదు.

సంతలో దొరికే అద్దాలు పెట్టుకోవచ్చా? అవసరానికి పనికొస్తాయి. కానీ మొదటిసారి మాత్రం పరీక్ష చేయించుకునే తీసుకోవాలి. ఎందుకంటే ఆ పరీక్షలోనే వేరే జబ్బులు బయటపడతాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు కంటి లోపలి పొర దెబ్బతింటుంది. మొదట్లో నొప్పి ఉండదు, తెలియదు. వాళ్లు ఏడాదికొకసారి చూపించుకోవాలి. నీటికాసులు అనే జబ్బులో కంటి లోపల ఒత్తిడి పెరిగి పక్కచూపు ముందు పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపును మందుచుక్కలతో నిలుపుకోవచ్చు. తల్లికో, తండ్రికో ఆ జబ్బు ఉంటే పిల్లలు తప్పక పరీక్ష చేయించుకోవాలి. కంట్లో ఆకు పసర్లు, తేనె, చనుబాలు పోయడం మాత్రం వద్దే వద్దు. పుండు పడి కన్నే పోవచ్చు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరిలో కంటి వెలుగు శిబిరాలు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలయ్యాయి. ఊళ్లలోనే పరీక్ష చేసి అద్దాలు ఇచ్చారు. శిబిరం మళ్లీ ఎప్పుడు పెడతారా అని ఎదురు చూడనక్కరలేదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంటి డాక్టరు ఉంటారు. ఏ రోజు వెళ్లాలో ఆశా కార్యకర్తను అడగవచ్చు.

బీడీలు చేసే ఆమె అలాగే వెళ్లింది. ఒకటిన్నర నెంబరు అద్దాలు వచ్చాయి. మొదటి రోజు వాటితోనే వీధిలోకి నడిచి, గడప దాటబోయి తూలింది. దగ్గరి చూపు అద్దాలు కూర్చుని చేసే పనికే. నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తీసేయాలి. రాత్రి బడిలో రెండో పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

ఇంట్లో ఆమె అత్త ఉంది. డెబ్బై దాటింది. కోడలి అద్దాలు తను పెట్టుకుని చూసింది. ఏమీ మారలేదు. ఆమె కంటిపాపలో బియ్యం కడిగిన నీళ్లలాంటి తెలుపు ఉంది. అది శుక్లం. కటకమే తెల్లబడిపోవడం. దానికి అద్దాలు చాలవు, మందుచుక్కలు పనిచేయవు. తెల్లబడిన కటకం తీసి కొత్తది పెట్టాలి. "కన్ను బాగా పండినంక చేయించుకుంట" అంది ముసలామె. పూర్వం అలా ఆగేవారు. ఇప్పుడు ఆగనక్కరలేదు. మరీ ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది. కన్నుకు మత్తు ఇచ్చి, మామూలుగా అరగంటలోపే పూర్తి చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు లేదు.

కోడలు ఒప్పించి తీసుకెళ్లింది. మరునాడు కట్టు విప్పారు. ముసలామె ముందుగా తన చేతులు చూసుకుంది. తర్వాత అద్దం తెమ్మంది. "ఇంత ముసలిదాన్ని ఎప్పుడైననే?" అని నవ్వింది. ఇంటికి వచ్చాక గోడ మూలల్లో బూజు చూపించింది. వారం తిరిగేసరికి చాట ముందేసుకుని బియ్యం ఏరసాగింది. కోడలు ఏరి పెట్టిన బియ్యంలోనే రెండు రాళ్లు తీసింది.