ప్రశ్నలు – జవాబులు: ఎంబీబీఎస్‌లో సబ్జెక్టు పోతే అమెరికా రెసిడెన్సీ రాదా?

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నాను. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీ పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను గానీ, నా బ్యాచ్ కంటే ఆరు నెలలు వెనకబడ్డాను. ఆ తర్వాత ఏ సబ్జెక్టూ పోలేదు. అమెరికా లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1 మొదటిసారే పాసయ్యాను. స్టెప్ 2 సీకేలో 244 వచ్చింది. ఇంటర్నల్ మెడిసిన్‌కి అప్లై చేయబోతున్నాను. ‘అనాటమీ సంగతి ఎక్కడా రాయకు, అంత లోతుగా ఎవరూ చూడరు’ అంటున్నారు మా సీనియర్ ఒకరు. రాయాలా, వద్దా?
– ఒక డాక్టర్, వరంగల్ జిల్లా

జవాబు: రాయాలమ్మా. అందులో రెండో ఆలోచనే వద్దు.

మీ సీనియర్ మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు. కానీ మీ మార్కుల మెమోల మీద పరీక్ష రాసిన నెలా సంవత్సరమూ ఉంటాయి. ఆ ట్రాన్‌స్క్రిప్టు, కాలేజీ ఇచ్చే డీన్ లెటరు (దాన్నే ఎంఎస్‌పీఈ అంటారు) విదేశీ డాక్టర్ల అర్హతలను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ ద్వారా ప్రోగ్రాముల చేతికి వెళ్తాయి. రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో పెట్టే ఈరాస్ అప్లికేషన్‌లో ‘మీ వైద్య విద్య మధ్యలో ఆగిందా, పొడిగించాల్సి వచ్చిందా’ అని సూటిగా అడుగుతారు. మీరు ‘లేదు’ అని రాసి, కాగితాల్లో ఆరు నెలల తేడా కనబడితే అప్పుడు వాళ్ళు చూసేది అనాటమీని కాదు, మీ మాటను. రాసిందంతా నిజమని ధ్రువీకరించాకే అప్లికేషన్ వెళ్తుంది. తప్పుడు సమాచారమని తేలితే ఈసీఎఫ్‌ఎంజీ దాన్ని ‘ఇర్రెగ్యులర్ బిహేవియర్’గా నమోదు చేయగలదు. ఆ మచ్చ మీ రికార్డు వెంట వస్తుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో పోయిన ఒక సబ్జెక్టు కోసం అంతటి ప్రమాదం తెచ్చుకోవద్దు.

ఎలా రాయాలన్నది అసలు ప్రశ్న. అడిగిన చోట మూడు నాలుగు వాక్యాలు చాలు. ‘తెలుగు మీడియం నుంచి వచ్చాను. మొదటి సంవత్సరం అంత పెద్ద సిలబస్‌ను ఇంగ్లీషులో చదివే పద్ధతి తెలియక అనాటమీ తప్పాను. పద్ధతి మార్చుకున్నాను, సప్లిమెంటరీలో పాసయ్యాను, ఆ తర్వాత అన్నీ మొదటిసారే పాసయ్యాను.’ అంతే. ఎగ్జామినర్ కోపిష్ఠి అనీ, కాలేజీలో పాఠాలు సరిగ్గా చెప్పలేదనీ రాయకండి, అది నిజమైనా సరే. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో దీనికి చోటివ్వనక్కర్లేదు. ఆ ఒక్క పేజీ మీరు చూసిన రోగుల గురించి, ఇంటర్నల్ మెడిసినే ఎందుకన్నదాని గురించి. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం తడబడకూడదు. అద్దం ముందు కాదు, మీకు మొహమాటపడని స్నేహితురాలి ముందు కూర్చుని ఇంగ్లీషులో పది సార్లు చెప్పి చూడండి.

మీకు ధైర్యం కలిగించే విషయం ఇంకొకటి ఉంది. కాలేజీలో సబ్జెక్టు పోవడం వేరు, యూఎస్‌ఎంఎల్‌ఈ తప్పడం వేరు. స్టెప్ పరీక్ష తప్పినవాళ్ళ అప్లికేషన్లను కొన్ని ప్రోగ్రాములు ఫిల్టర్ పెట్టి తెరవకుండానే పక్కన పెడతాయి. మీకు ఆ ఇబ్బంది లేదు. 2022 జనవరి చివరి నుంచి స్టెప్ 1కి మార్కులు ఇవ్వడం మానేశారు, పాస్ లేదా ఫెయిల్ అంతే. కాబట్టి అంకెల్లో ముందుగా కనబడేది మీ 244. ఇక మీ శక్తి అంతా అమెరికాలో క్లినికల్ అనుభవం మీద, అక్కడ మీ పని కళ్ళారా చూసిన డాక్టర్ల సిఫార్సు లేఖల మీద, మనలాంటి విదేశీ గ్రాడ్యుయేట్లను ఏటా తీసుకునే ప్రోగ్రాములను ఏరుకోవడం మీద పెట్టండి. 2024 మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్ల కేటాయింపులో) అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో 58.5 శాతం మందికి సీట్లు వచ్చాయి. ఒక్క సబ్జెక్టూ పోనివాళ్ళు కూడా ఆ మిగిలినవాళ్ళలో ఉన్నారు. అందుకే ఈసారి రాకపోతే అనాటమీనే నిందించుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి స్టెప్ 1 తప్పాడు. గదిలోంచి బయటికి రావడం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు డబ్బు కడితే రెసిడెన్సీ సీటు గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కట్టకండి. రెసిడెన్సీ సీట్లు అమ్మకానికి ఉండవు. అభ్యర్థులూ ప్రోగ్రాములూ ఇచ్చే ర్యాంకు జాబితాలను కంప్యూటర్ జతచేస్తుంది. మ్యాచ్‌లో ఉన్న ప్రోగ్రాం తన సీట్లన్నీ అందులోనే పెట్టాలన్న నియమం 2013 మ్యాచ్ నుంచి ఉంది. మధ్యలో గ్యారంటీ ఇవ్వగలవాళ్ళెవరూ లేరు.

ఇక అబ్బాయి సంగతి. ఒక్కో స్టెప్‌కి నాలుగు అవకాశాలు ఉంటాయి. తప్పిన ప్రయత్నం ట్రాన్‌స్క్రిప్టులో అలాగే ఉంటుంది, దారి కొంత ఇరుకవుతుంది. ఆ మాట అతని దగ్గర దాచవద్దు. అయితే రెండోసారి పాసై, స్టెప్ 2 సీకే మొదటిసారే మంచి మార్కులతో దాటి, వీలైతే మ్యాచ్‌కి ముందే స్టెప్ 3 కూడా పూర్తిచేస్తే అతని ఫైలు చదివేవాళ్ళు ఉంటారు. హెచ్1బీ వీసా మీద వెళ్ళాలంటే స్టెప్ 3 ఎలాగూ కావాలి. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్‌లలో అవకాశాలు వెతకమనండి. కొన్ని రాష్ట్రాలు లైసెన్సు ఇచ్చేటప్పుడు ప్రయత్నాల సంఖ్యకు పరిమితి పెడతాయి, అప్లై చేసేముందు అది చూసుకోవాలి. తొందరపడి నెలలోనే మళ్ళీ రాయించకండి. స్కోర్ రిపోర్టులో ఏ విభాగాల్లో వెనకబడ్డాడో ఉంటుంది, చదువు అక్కడి నుంచి మొదలవ్వాలి.

కానీ ఇవన్నీ వచ్చే వారం మాట్లాడండి. ఈ రాత్రి పక్కన కూర్చుని అన్నం పెట్టండి, పరీక్ష ఊసెత్తకండి, పక్కింటి అబ్బాయితో పోల్చకండి. నిద్ర లేకపోవడం, తిండి మానేయడం రెండు వారాలు దాటినా, ‘బతకాలని లేదు’ అన్న మాట ఒక్కసారి విన్నా, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.