పైరు మీది పురుగులకు దగ్గర నుండి ఫోటో తీయు పద్ధతి



వంగతోటలో చుక్కల పురుగు కనబడగానే "అక్షింతల పురుగు పడినది" అని మందు కొట్టువారు కలరు. కాని అక్షింతల పురుగులన్నియు ఒక్కటి కావు. ఒక రకము వంగ ఆకులోని పచ్చదనమును గీకి తిని ఆకును జల్లెడవలె చేయును. మరియొక రకము ఆకు జోలికి పోక, పేనుబంకను తిని బ్రతుకును. మొదటిది పంటకు శత్రువు, రెండవది మిత్రుడు. మందుకు ఈ భేదము తెలియదు. మిత్రపురుగులు చచ్చిన తోటలో పేనుబంక మరల పెచ్చుపెరుగును. మరల మందు, మరల ఖర్చు తప్పవు.

స్పష్టమైన ఫోటో ఒక్కటి చేతనున్న, మందు కొనుటకు ముందే ఈ భేదము తేల్చుకొనవచ్చును. ఇందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. మీ చేతిలోని సెల్‌ఫోను చాలును. కాని పురుగు మసకగా పడినచో చూచువారు ఊహించి చెప్పవలసినదే. కనుక ఈ క్రింది సంగతులను గమనింపుడు.

ఫోటోలో ఏమి కనబడవలెను?

పురుగును గుర్తించుటకు కొన్ని ఆనవాళ్లు ఉండును. అవి ఫోటోలో పడవలెను. వంగను తిను అక్షింతల పురుగు పెంకు మీద సన్నని నూగు ఉండుటచే అది మెరయదు. ఇందు ఒక జాతికి 28 నల్లచుక్కలు ఉండును. దాని పిల్లపురుగు పసుపు రంగున ఉండి, ఒంటినిండా చీలిన ముళ్లు కలిగియుండును. మిత్రపురుగు పెంకు నున్నగా మెరయును. దాని పిల్లపురుగు పొడవుగా, నల్లని లేక బూడిద రంగు ఒంటిపై నారింజ లేక పసుపు మచ్చలతో, చురుకుగా నడచును. ఈ పిల్లపురుగును చూచి క్రొత్త తెగులేదో వచ్చినదని భయపడవలదు.

మొక్కజొన్న నాశించు కత్తెర పురుగు 2018లో మన దేశమున తొలుత కర్ణాటకలో కనబడి, ఆ సంవత్సరమే తెలుగు నేలకు వచ్చినది. దీని తల మీద ఇంగ్లీషు వై అక్షరమును తలక్రిందులు చేసినట్టి లేతరంగు గీత ఉండును. తోక దగ్గర నాలుగు నల్లని చుక్కలు చతురస్రముగా ఉండును. కావున ఈ పురుగుకు తలవైపు ఒకటి, తోకవైపు ఒకటి ఫోటో తీయవలెను.

వేళ, వెలుతురు

ప్రొద్దుపొడిచిన తరువాత మొదటి రెండు గంటలు మంచి వేళ. చల్లదనమునకు పురుగులు మందకొడిగా ఉండును, త్వరగా ఎగిరిపోవు. గాలియు తక్కువగా ఉండును. నడియెండలో పెంకు తళుక్కుమని చుక్కలు కనబడకుండ పోవును. ఆ వేళ తీయవలసి వచ్చినచో మరియొకరిని పైన తెల్లని పంచె పట్టుకొనుమనుడు. ఎండ దానిగుండ మెత్తగా పడును. మీ నీడ పురుగు మీద పడనీయవలదు. నీడ ముందుగా పడినచో పురుగు బెదరును.

తీయు విధము

1. ముందుగా ఫోను అద్దమును మెత్తని పొడిబట్టతో తుడువుడు. చెమట, దుమ్ము అంటినచో చిత్రమంతయు మసకగును.

2. మరీ దగ్గరకు పోవలదు. అతి చేరువనున్న వస్తువు పెక్కు ఫోన్లకు తేటగా కనబడదు. జానెడు దూరమున ఉంచి, తెరపై పురుగు ఉన్నచోట వ్రేలితో తాకుడు. అది తేటపడిన పిమ్మట నొక్కుడు. పురుగు చిన్నదిగా పడినను చింతలేదు, తరువాత ఆ భాగమును కత్తిరించి పెద్దదిగా చూడవచ్చును.

3. పురుగు ఒంటి పొడవునకు ఫోను సమముగా ఉండవలెను. ఏటవాలుగా పట్టినచో తల తేటగను తోక మసకగను పడును.

4. ఒక చేతితో ఆకు కాడను కదలకుండ పట్టుకొనుడు. మోకాలిపై మోచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయుడు. ఒక్కటి తీసి ఊరకుండక, ఐదారు తీసి మంచిదానిని ఎంచుకొనుడు.

5. పురుగు ప్రక్కన ఒక వడ్లగింజనో, రూపాయి బిళ్లనో ఉంచి ఒక ఫోటో తీయుడు. పురుగు పరిమాణము దీనివలన తెలియును.

చిన్న పురుగుల సంగతి

మిరపలో ఆకులు పైకి ముడుచుకొన్నచో సాధారణముగా తామర పురుగు, క్రిందికి ముడుచుకొన్నచో నల్లి కారణమగును. రెంటికిని వాడు మందులు వేరు. తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు మాత్రమే. 2021లో మన మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో గుంపుగా చేరును. పూవును తెల్లకాగితముపై తట్టినచో పురుగులు రాలును. ఫోనుకు తగిలించు చిన్న భూతద్దముతో వానికి ఫోటో తీయవచ్చును. ఈ అద్దమునకు మాత్రము ఫోనును చాల దగ్గరగా చేర్చవలెను. నల్లి ఇంకను చిన్నది. దానికి ఫోటోపై ఆధారపడక, ముడుచుకొన్న లేతకొమ్మను సంచిలో ఉంచి తీసికొనిపోవుటయే మేలు.

పంపునప్పుడు

పురుగు ఫోటో ఒక్కటే చాలదు. మొక్క మొత్తము ఒకటి, దెబ్బతిన్న భాగము ఒకటి, పురుగు దగ్గరగా ఒకటి, ఈ మూడును పంపవలెను. ఆకు అడుగుభాగమును మరువరాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకొని నాణ్యత తగ్గును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు చేరును. పంట, రకము, వయస్సు, ఊరు, పది మొక్కలలో ఎన్నింటికి పురుగు ఉన్నది, ఇంతకుముందు ఏ మందు కొట్టితిరి అను వివరములను తోడుగా వ్రాయుడు. మీ మండల వ్యవసాయాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని ఆనాడే పంపుడు.

జాగ్రత్త! గొంగళి పురుగులను వట్టిచేతితో తాకవలదు. వెండ్రుకలు గుచ్చుకొని దద్దుర్లు లేచును. అప్పుడే మందు కొట్టిన చేలోనికి ఫోటో కొరకు దిగవలదు.

పురుగు పేరు తెలిసినంత మాత్రమున మందు కొట్టవలెనని కాదు. అది శత్రువైనను, ఎన్ని ఉన్నవి, ఎంత నష్టము చేయుచున్నవి అను లెక్క చూచి, సలహా పొంది నిర్ణయింపవలెను. రేపు ప్రొద్దున చేలోనికి పోవునప్పుడు ఒక్క ఆకును త్రిప్పి చూచి, కనబడిన పురుగుకు ఈ విధముగా ఫోటో తీసి చూడుడు. నాలుగైదు దినముల సాధనతో చేయి కుదురును.