ఆవకాయ సీజనుకు సరుకు ఆర్డర్లు: ఇంటి పచ్చళ్ల వ్యాపారానికి చిట్కాలు

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు అమ్మకాల బిల్లుల కోసం ట్యాలీయో, వ్యాపార్ యాపో, జోహో ఇన్వెంటరీయో పెట్టుకుంటున్నారు. బిల్లులు చక్కగా కొడతారు. కొనుగోలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆర్డర్లన్నీ ఫోన్లలోనే నడుస్తాయి. మిర్చి గుంటూరు నుంచి, నూనె మిల్లు నుంచి, సీసాలు ఫ్యాక్టరీ నుంచి ఒకేసారి రావాల్సిన మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎవరికెంత చెప్పామో, ఎంత వచ్చిందో, ఎవరి దగ్గర మన డబ్బు ఎంతుందో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో పర్చేజ్ ఆర్డరు అనే సదుపాయం ఉంది. దాన్ని వాడుకోకపోవడం వల్ల పోయే డబ్బు చాలా ఎక్కువ. ఎలా వాడుకోవాలో చూడండి.

1. ఫోనులో చెప్పిన ఆర్డరునైనా వెంటనే ఎక్కించండి. బేరం ఫోనులోనే తేలుతుంది, తేలనివ్వండి. ఫోను పెట్టేయగానే పర్చేజ్ ఆర్డరు చేసి, దాని పీడీఎఫ్‌ను అదే వ్యాపారికి వాట్సాప్‌లో పంపండి. "రేటు, బరువు, తారీఖు ఒకసారి చూసి సరేనని పెట్టండి" అని అడగండి. ఆయన పెట్టే ఆ ఒక్క 'సరే' రేపు రేటు పెరిగినప్పుడు మీకు అక్కరకొస్తుంది. ట్యాలీప్రైమ్‌లో ఇందుకు కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కాలి. ఆర్డరు రాసినంత మాత్రాన స్టాకూ మారదు, ఖాతాలూ కదలవు. కాబట్టి లెక్కలు పాడవుతాయేమోనన్న భయం అక్కర్లేదు.

2. 'టిన్ను', 'బస్తా' అని రాసి వదిలేయకండి. ఎన్ని కిలోల టిన్నో, ఎన్ని కిలోల బస్తానో రాయండి. నువ్వులనూనె టిన్నుల్లో 15 కిలోలవీ ఉంటాయి, 15 లీటర్లవీ ఉంటాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లీటరు నువ్వులనూనె బరువు సుమారు 915 గ్రాములు. అంటే 15 లీటర్ల టిన్నులో ఉండేది 13.7 కిలోలే. ఒక్కో టిన్నుకు కిలో 300 గ్రాములు తేడా. 20 టిన్నుల ఆర్డరులో అది 26 కిలోలు అవుతుంది. ఒకాయన రేటు తక్కువ చెప్పాడని సంబరపడేముందు ఆ రేటు దేనికో అడగండి. సాఫ్ట్‌వేర్‌లో నూనె ఐటమ్‌కు అసలు కొలత కిలో అని పెట్టుకుని, టిన్నును ప్రత్యామ్నాయ కొలతగా చేర్చండి. ట్యాలీలో దీన్ని ఆల్టర్నేట్ యూనిట్ అంటారు. అప్పుడు మీరు టిన్నుల్లో ఆర్డరు పెట్టినా స్టాకు కిలోల్లో కనబడుతుంది, ఇద్దరు వ్యాపారుల రేట్లు కూడా కిలో లెక్కన పోల్చుకోవచ్చు.

3. మిర్చి ఆర్డరులో రేటు కంటే వివరం ముఖ్యం. 'మిర్చి 2 క్వింటాళ్లు' అని రాస్తే వచ్చే సరుకు గురించి మాట్లాడే హక్కు మనకుండదు. తేజానా, 334నా, బ్యాడిగీ రకమా? తొడిమతోనా, తొడిమ తీసిందా? ఈ ఏటి కొత్త పంటా, కోల్డ్ స్టోరేజీలోదా? తాలు కలవకూడదని, తడి తగిలిన సరుకు వద్దని కూడా ఆర్డరులోని వివరణ గడిలో రాయండి. తొడిమతో కొన్న మిర్చి బరువు కారం పట్టించేనాటికి తగ్గుతుంది కాబట్టి తొడిమ తీసిన మిర్చికి క్వింటా రేటు ఎక్కువ చెప్పినా ఒక్కోసారి అదే చవక. ఈ వివరాలన్నీ ప్రతిసారీ టైపు చేయనక్కర్లేదు. 'తేజా తొడిమ తీసింది', '334 తొడిమతో' అని వేర్వేరు ఐటమ్‌లుగా ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే చాలు. ఇంకో మాట. గుంటూరు మిర్చి యార్డుకు మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు. ఆవకాయకు కావాల్సిన మిర్చి డెలివరీ తారీఖును ఏప్రిల్ దాటనివ్వకండి.

4. మామిడికాయలకు ఒకే ఆర్డరులో నాలుగు తారీఖులు పెట్టండి. మిగతా సరుకులా కాయను తెచ్చి నిలవ పెట్టలేం. కోసిన కాయ మెత్తబడేలోపు ముక్క కొట్టాలి. మీ ఇంట్లో రోజుకెన్ని కాయలు కొట్టి, తుడిచి, కలపగలరో అన్నే రావాలి. అందుకని 4,000 కాయలు కావాలంటే, వారానికి వెయ్యి చొప్పున తారీఖులు వేసి ఒకే ఆర్డరు చేయండి. ట్యాలీలో ఒక ఐటమ్ కిందే వేర్వేరు 'డ్యూ ఆన్' తారీఖులు, పరిమాణాలు ఇవ్వొచ్చు. రేటు ఒకసారే మాట్లాడినట్టూ అవుతుంది, ఏ వారం కాయ ఎగ్గొట్టాడో కూడా తెలుస్తుంది. కాయ లెక్కనే కొన్నా, వచ్చిన లోడు బరువు కూడా తూచి రాసుకోండి. చిన్నరసం వందకూ, జలాలు వందకూ ముక్క ఒకేలా దిగదు. ఈ రెండు అంకెలు ఉంటేనే కిలో ముక్క మనకెంత పడిందో తేలుతుంది. రైతుకు జీఎస్టీ నంబరు లేకపోయినా ఆర్డరు పెట్టొచ్చు. సప్లయర్ వివరాల్లో అన్‌రిజిస్టర్డ్ అని ఎంచుకుంటే సరిపోతుంది.

5. సీసాలు, మూతలు, లేబుళ్లు వేర్వేరు ఐటమ్‌లుగా ఉండాలి. పచ్చడి కలిపి జాడీల్లో సిద్ధంగా ఉండి, సీసాలు వచ్చి మూతలు రాకపోతే పార్సిళ్లు ఆగిపోతాయి. ఇలాంటి సరుకుకే రీఆర్డర్ లెవెల్ బాగా పనికొస్తుంది. రోజుకు 40 సీసాలు వాడుతూ, ఆర్డరిచ్చాక సరుకు రావడానికి 10 రోజులు పడుతుందనుకోండి. 400 సీసాలు ఉండగానే ఆర్డరు పెట్టాలి. లారీ ఆలస్యానికి ఇంకో 5 రోజులు కలిపితే 600. ఆ అంకె పెట్టుకుంటే స్టాకు దానికి దిగినప్పుడు సాఫ్ట్‌వేర్ జాబితాలో చూపిస్తుంది. అయితే సీజనులో వాడకం రెండింతలు, మూడింతలవుతుంది. మార్చి మొదటి వారంలో ఈ అంకెల్ని పెంచి, జులైలో మళ్లీ తగ్గించాలి. ఏడాదంతా ఒకే అంకె పెట్టి వదిలేస్తే అది పనికిరాదు.

6. కొత్త ఆర్డరు పెట్టేముందు చేతిలో ఉన్న స్టాకుతో పాటు దారిలో ఉన్నది కూడా చూడండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి చేసే వ్యాపారాల్లో అత్తగారు ఒకచోట, కోడలు ఇంకోచోట ఆవాలు చెప్పేయడం మామూలే. ఆర్డరు పెట్టే పని ఎవరిదో ఒకరిదిగా ఉంచుకోండి.

7. బిల్లు చూసి కాకుండా కాటా చూసి స్టాకు ఎక్కించండి. ఈ జాబితాలో మీరు ఒక్కటే పాటించగలిగితే దీన్నే పాటించండి. సరుకు దిగగానే సప్లయర్ బిల్లులోని అంకెల్ని అలాగే ఎక్కించేయడం అందరికీ అలవాటు. అలా చేస్తే ఆర్డరూ బిల్లూ సరిపోయినట్టే కనబడతాయి, గదిలో మాత్రం సరుకు తక్కువుంటుంది. ముందు బస్తాలు దింపించి, మీ కాటా మీద తూచి, ఆ బరువుతో రిసీట్ నోటు రాయండి. ట్యాలీప్రైమ్‌లో దానికి ఆల్ట్, ఎఫ్9. అందులో ఆర్డరు నంబరు ఎంచుకుంటే ఎంత రావాలో పక్కనే కనబడుతుంది. ఆ తర్వాత బిల్లు వచ్చాక ఎఫ్9తో పర్చేజ్ ఎంట్రీ. మిర్చి 200 కిలోలకు బిల్లు వేసి 194 కిలోలే వస్తే, ఆ 6 కిలోలకు డెబిట్ నోటు రాసి అదే రోజు వ్యాపారికి పంపండి. కాటా మీద బస్తా, పైన అంకె కనబడేలా ఫోటో తీసి జతచేయండి. సీసాల పెట్టెలైతే విప్పుతున్నప్పుడే పగిలినవి లెక్కపెట్టాలి. మూడు రోజుల తర్వాత చెబితే ఏ వ్యాపారీ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం ఆయన తప్పూ కాదు.

8. సగం సరుకే వస్తే ఆర్డరులోని అంకెను దిద్దకండి. 20 టిన్నులకు 12 వస్తే, 12 అందినట్టు రాసి మిగతా 8ని పెండింగులో ఉండనివ్వండి. జోహోలో అయితే ఆ ఆర్డరు 'పార్షియల్లీ రిసీవ్డ్' అని కనబడుతుంది. ఆర్డరునే 12కు దిద్దేస్తే ఆ 8 టిన్నుల మాట ఎక్కడా మిగలదు. ఇక ఆ సరుకు అవసరం లేదనుకుంటే వ్యాపారికి చెప్పి ఆర్డరును మధ్యలో మూసేయండి. ట్యాలీప్రైమ్‌లో ప్రీ-క్లోజ్ ఉన్నది ఇందుకే. కారణం రాసుకునే వీలు కూడా ఉంటుంది.

9. అడ్వాన్సు ఇచ్చినప్పుడు దాని పక్కన ఆర్డరు నంబరు వేయండి. పాత బాకీ కింద కట్టిందీ, కొత్త సరుకుకు ఇచ్చిందీ ఒకే ఖాతాలో కలిసిపోతే తగువు తప్పదు. పేమెంట్ ఎంట్రీలో 'ఆన్ అకౌంట్' అని వదిలేయకుండా 'అడ్వాన్స్' ఎంచుకుని, ఆర్డరు నంబరునే రెఫరెన్సుగా ఇవ్వండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపేటప్పుడు కూడా మెసేజు గడిలో అదే నంబరు రాస్తే రెండువైపులా ఒకే గుర్తు ఉంటుంది.

10. కిరాయి, హమాలీ కలిపాకే రేటు పోల్చండి. దూరం నుంచి వచ్చే సీసా 50 పైసలు తక్కువే కావచ్చు, పార్సిల్ సర్వీసు ఖర్చు, పగిలినవి కలిపితే దగ్గరి ఊరి సీసాయే చవకగా తేలొచ్చు. ఆర్డరులోనే 'కిరాయి ఎవరిది' అన్న వరుస ఒకటి రాయండి. పాత ఆర్డరును కాపీ చేసి కొత్తది తయారుచేస్తుంటే పన్ను రేటు కూడా ఒకసారి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు పోయాయి. 12 శాతంలో ఉన్న అట్టపెట్టెలు 5 శాతానికి వచ్చాయి, గాజు సీసాలు 18 శాతంలోనే ఉన్నాయి. పాత కాపీల్లో పాత రేట్లే ఉండిపోతాయి. మీరు కాంపోజిషన్ స్కీములో ఉంటే కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి పన్నుతో కలిపిన ధరనే పోల్చాలి.

11. మామూలు జీఎస్టీ స్కీములో ఉన్నవాళ్లు ప్రతి నెలా 14 తర్వాత జీఎస్టీఆర్-2బి తీసి మీ కొనుగోలు బిల్లులతో పోల్చండి. సప్లయర్ తన రిటర్నులో మీ బిల్లు చూపించకపోతే ఆ ఇన్‌పుట్ క్రెడిట్ మీకు రాదు. అలాగే బిల్లు తారీఖు నుంచి 180 రోజుల్లోపు డబ్బు కట్టకపోతే, తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి.

12. వచ్చిన ప్రతి లోడుకూ లాట్ నంబరు ఇవ్వండి. ఆహార పదార్థాల లేబుల్ మీద బ్యాచ్ లేదా లాట్ నంబరు ఎలాగూ ఉండాలి. ఫలానా మిర్చి లోడు ఏయే బ్యాచ్ పచ్చడిలో పడిందో రాసుకుంటే, "ఈసారి కారం చేదుగా ఉందండీ" అని ఒక కస్టమర్ ఫోను చేసినప్పుడు అది ఎవరి మిర్చో, ఇంకా ఏయే సీసాలు పక్కన పెట్టాలో అక్కడికక్కడే తెలుస్తుంది.

13. ఆర్డరు నంబరులో ఆర్థిక సంవత్సరం ఉండాలి. మన సీజను సరిగ్గా మార్చి 31కి అటూఇటూ పడుతుంది. మార్చిలో ఇచ్చిన 7వ నంబరు ఆర్డరు ఏప్రిల్ 20న వస్తుంది, అప్పటికి కొత్త ఏడాది 7వ నంబరు ఇంకొకరికి ఇచ్చేసి ఉంటాం. నంబరు ముందు '25-26' అని చేరిస్తే ఈ గందరగోళం ఉండదు.

14. సీజనులో వారానికి రెండుసార్లు, మిగతా రోజుల్లో వారానికొకసారి పెండింగు ఆర్డర్ల జాబితా తెరవండి. తారీఖు దాటినవాటి గురించే కాకుండా రాబోయే మూడు రోజుల్లో రావాల్సినవాటి గురించి కూడా ఫోను చేయండి. "అన్నయ్యగారూ, శుక్రవారం రావాల్సిన 12 టిన్నులు లోడు అయ్యాయా?" అని తారీఖు, లెక్క చెప్పి అడిగితే జవాబు కూడా లెక్కగా వస్తుంది. జూన్ చివర్లో, పని కాస్త సద్దుమణిగాక, అదే జాబితాలో ఒక్కో సప్లయర్ చెప్పిన తారీఖుకూ సరుకు దిగిన తారీఖుకూ ఎన్ని రోజుల తేడా వచ్చిందో చూసుకోండి. వచ్చే ఏడాది సీసాల రీఆర్డర్ లెవెల్ లెక్క కట్టేటప్పుడు ఆయన చెప్పే రోజులకు ఆ తేడా రోజుల్ని కూడా కలపండి.