కమాను వద్దు, కరెంటు బిల్లు కట్టు



కువైట్ నుంచి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నా. గుడి ముందర కమాను కట్టిస్తానని, దాని మీద మీ జేజి పేరు నల్లరాతిలో చెక్కించమని అన్నావు. లక్ష రూపాయలు ఒక్కసారే పంపుతానన్నావు. నీ మనసు మంచిదే. అయినా ఫాదర్ గారి చెవిన వేయకముందే నీకు రాస్తున్నా: కమాను వద్దురా.

మన విచారణ, అంటే పారిష్, లెక్కలు రాసేది నేనే కదా, మనకు కొరత ఎక్కడో నాకు తెలుసు. కరెంటు బిల్లు, మైకు రిపేరు, పూజకు అప్పం, ద్రాక్షారసం, కొవ్వొత్తులు, పల్లెలకు తిరిగే బండికి డీజిల్. అన్నిటికన్నా ముందు ఉపదేశి జీతం. ఫాదర్ గారు ఒక్కరే, పల్లెలేమో చాలా. ఆయన రాలేని ఆదివారం వాక్యం చదివి ప్రార్థన నడిపేది, పిల్లోళ్లకు జపాలు నేర్పేది, ఎవరి ప్రాణమన్నా పోతుందంటే అర్ధరాత్రి లేచి పోయేది ఉపదేశే. ఆయన మోపెడ్ వెనక టైరు అరిగి లోపలి దారాలు కనపడుతున్నాయి. వాన పడితే శనగ చేల మధ్య నల్లరేగడి మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. దిగి పుల్లతో గీకి, నాలుగు అడుగులు తోసి, మళ్లీ గీకి, అట్లనే పోతాడు. అట్లాంటి మనిషి జీతం రెండు నెలలకొకసారి ఇస్తున్నాం. ఆయన అడగడు, మనకేమో ఇబ్బందిగా కూడా ఉండదు.

ఆదివారం జోలె గుమ్మరించి లెక్కబెడితే ఎక్కువగా పది రూపాయల నోట్లే. ప్రొద్దుటూరులో బిర్యానీ ధర ఎన్నిసార్లు పెరిగిందో, జోలెలో నోటు మాత్రం మారలేదు. దీంట్లో పిసినారితనం కంటే అలవాటు ఎక్కువ. గుడి, బడి, ఆస్పత్రి మిషన్ దొరలే కట్టిస్తారు, మనం పోయి మొక్కుకుంటే చాలు అనుకుంటూ పెరిగినాం. ఆ దొరల డబ్బు యాడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

నేను చెప్తా విను. 1820 ప్రాంతంలో ఫ్రాన్సులో, లియోన్ పట్టణంలో, పొలీన్ జారికో అనే ఇరవై ఏళ్ల అమ్మాయి పట్టు మిల్లుల్లో పనిచేసే ఆడోళ్ల దగ్గర వారానికి ఒక్క సూ వసూలు చేయడం మొదలుపెట్టింది. సూ అంటే వాళ్ల చిల్లర నాణెం. పదిమందికి ఒకరు చొప్పున జమచేసి పైకి పంపేవాళ్లు. ఆ చిల్లరే ప్రపంచమంతా మిషన్లను పోషించింది. దాతలంటే కోటీశ్వరులనుకునేవు, మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గాల వాళ్లలాంటోళ్లే. ఆ అమ్మాయిని 2022 మే 22న ధన్యురాలిగా ప్రకటించినారు.

ఆ విత్తనం మనదాకా వచ్చింది. నెల్లూరు నుంచి విడదీసి 1976 అక్టోబరు 19న కడప మేత్రాసనం ఏర్పాటు చేసినారు. 2026కు యాభై ఏళ్లు. మన కడపకు గురువుగా అభిషిక్తుడై, తర్వాత కర్నూలు పీఠాధిపతిగా, హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా అయిన పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. ఏడో తరగతి తర్వాత పేదరికంతో చదువు ఆగిపోతే మిషనరీలు చేయూతనిచ్చి చదివించినారని ఆయనే చెప్పుకున్నారు. ఎవరో ముక్కూమొహం తెలియనోళ్లు వేసిన చిల్లరలో ఆ ఫీజు కూడా ఉండొచ్చు కదా?

ఇప్పుడు బయటి డబ్బు కష్టమైపోయింది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో బాగా బిగించినారు. ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచికే రావాలి, ఇంకో సంస్థకు పంచకూడదు. నువ్వు మాత్రం జంకొద్దు. నీది భారత పాస్‌పోర్టు. నీ జీతంలో మిగిల్చి బ్యాంకు ద్వారా పంపే డబ్బు ఆ చట్టం కిందికి రాదు. రశీదు అడిగి తీసుకో, అంతే.

కమాను ఎందుకు వద్దన్నానో గండికోటకు పోయినప్పుడు నీకే తెలియాల్సింది. మాధవరాయస్వామి గుడి గోపురం చూసినావు కదా, ఎంత పనితనం! కట్టించడానికి రాజులు దొరికినారు, పూజ ఆగకుండా చూసుకునేవాళ్లు మాత్రం మిగల్లేదు. రంగనాథస్వామి గుడిదీ అదే కథ.

ఎంత ఇవ్వాలని అడుగుతావు. పక్క సంఘాల్లో పదో వంతు అంటారు. మన శ్రీసభ చట్టం, 1983 నాటిది, విశ్వాసులు అవసరాలకు తోడ్పడాలని చెప్పింది కానీ వంతు చెప్పలేదు. దాన్ని సాకుగా వాడుకునేది మనమే. నా మాట అడిగితే, జీతం పడిన రోజు కొంచెం తెలిసేంత ఇవ్వు. అసలు తెలియకపోతే అది కానుక కాదు, చిల్లర వదిలించుకోవడం. కానుక ఇవ్వలేని పేదల కోసం కూడా పూజ చేయమని అదే చట్టం గురువులను గట్టిగా కోరింది. అట్లాంటి వాళ్ల వంతు నీలాంటోడే మోయాలి.

ఇచ్చినాక లెక్క అడుగు. మొహమాటపడొద్దు. ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండాలని, ఫలానా పనికని ఇచ్చింది ఆ పనికే వాడాలని, విశ్వాసులకు లెక్క చెప్పాలని కూడా చట్టమే చెప్పింది. అడిగితే ఫాదర్ గారు నొచ్చుకుంటారని మీ నాయన అంటాడు. ఎవరూ అడగకుంటేనే గుసగుసలు పుడతాయని నేనంటా.

ఇంకొకటి. శుక్రవారం నువ్వు పూజకు పోయే కువైట్ గుడి కూడా నీ గుడే. ఆడ ఏసీ చల్లదనంలో కూర్చుని, మా ఊరికి పంపుతున్నాంలే అని జోలె దాటేయొద్దు. అక్టోబరులో మిషన్ ఆదివారం వస్తుంది, ఆ రోజు వేసింది నువ్వు ఎప్పుడూ చూడని దేశంలో ఇంకో ఉపదేశికి చేరుతుంది.

లక్ష ఒక్కసారి పంపకుండా నెలకు ఇంతని బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టు. ఐదో తేదీ లోపల పడితే మేలు. మొదటి నెలది టైరుకు, తర్వాతవి జీతానికి అని రాసి పంపు, అట్లనే పుస్తకంలో ఎక్కిస్తా. మీ జేజి ఆత్మ కోసం పూజ కావాలంటే తేదీ చెప్పు, అది కూడా రాయిస్తా.

ఇట్లు,
మీ పెద్దనాయన,
జమ్మలమడుగు