టేపుపై పుట్టిన ప్రతిధ్వని

కొండ ఎదుట నిలిచి పిలిస్తే మన పిలుపు మనకే తిరిగి వినిపిస్తుంది. ధ్వని పోయి రావడానికి పట్టే కాలమే ప్రతిధ్వనికి మూలం. చిన్న గదిలో ఆ వ్యవధిని కల్పించడమెలా?

అయస్కాంత టేపు దీనికి మార్గం చూపింది. టేపు యంత్రంలో ఒక హెడ్ ధ్వనిని ముద్రిస్తుంది. కొద్ది దూరంలోని మరొక హెడ్ దానిని వినిపిస్తుంది. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో సాగుతూ, హెడ్‌ల నడుమ 2 అంగుళాల ఎడముంటే, ధ్వని సుమారు 0.13 సెకను ఆలస్యమవుతుంది. దీనిని అసలు ధ్వనికి జోడిస్తే ప్రతిధ్వని సిద్ధిస్తుంది. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1954లో శామ్ ఫిలిప్స్ ఎల్విస్ ప్రెస్లీ గానాన్ని ఈ పద్ధతిలోనే తీర్చిదిద్దాడు.

ఆలస్యమైన ధ్వనిని మరల టేపుపైకి పంపితే ప్రతిధ్వని పలుమార్లు వినిపిస్తుంది. ఆవృత్తి ఆవృత్తికీ అందులోని తీక్ష్ణత తగ్గుతుంది; టేపు నడకలోని స్వల్ప చాంచల్యం శ్రుతిని కొద్దిగా కదిలిస్తుంది. ఒకనాడు లోపంగా తోచిన ఈ గుణాన్నే నేటి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు కోరి అనుకరిస్తున్నాయి. కారణమేమి? తొలి పలుకు స్పష్టంగా నిలుస్తుంది. మలి పలుకులు మసకబారి వెనుకకు తగ్గుతాయి. మితిమీరితే మాత్రం పాటలోని సాహిత్యం మరుగున పడుతుంది. ప్రతిధ్వని గానానికి నీడ వంటిది. నీడ రూపాన్ని కప్పివేయరాదు.

ప్రశ్న: టేపులోని లోపం గుణంగా మారిన విధమును వివరించండి.