రోహిణిలోనే మాలిని కుదుర్చుకోండి
బోరబండ, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పెరటి తోటలకు ఏడాది సలహాలు

రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఎండలని ఇంట్లోనే కూర్చుంటాం గాని, పెరటి తోటకు ఏడాది లెక్క మొదలయ్యేది ఈ పదిహేను రోజుల్లోనే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. నాంపల్లిలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరే ఆ రోజుకల్లా గుంతలు తవ్వడం పూర్తయి, ఎరువు సిద్ధమై, మాలి కుదిరి ఉండాలి. రెండు వానలు పడ్డాక వెతుకులాట మొదలుపెడితే, పని తెలిసిన మాలి అప్పటికే నాలుగిళ్లకు మాటిచ్చి ఉంటాడు.

ఈ ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ బంగళాల్లో లాన్లు, పూల మళ్లు చూసే మాలీలు చాలామంది బోరబండ, రహమత్‌నగర్, యూసఫ్‌గూడ బస్తీల్లోనే కాపురముంటారు. వెయ్యి గజాల బంగళా వారికీ, 60 గజాల ఇంటి మీద పది కుండీలు పెట్టుకున్నవారికీ కావలసిన మనిషి దగ్గర్లోనే ఉన్నాడు. ఏ కార్తెలో ఏ పని జరగాలో యజమానికీ మాలికీ ముందే తెలిసిన ఇంట తోట నిలుస్తుంది. ఎన్ని ఖరీదైన మొక్కలు తెచ్చినా ఆ అవగాహన లేని ఇంట రెండో వేసవికి కుండీలు ఖాళీ అవుతాయి.

మాలిని ఎంచుకోవడం

గుంతలు తవ్వడానికి, మట్టి మోయడానికి అడ్డా మీది కూలీ సరిపోతాడు. మొక్కను చూసుకోవడం వేరే విద్య. మీ వీధిలో ఏ ఇంటి ముందు నిమ్మచెట్టు, గులాబీ, మల్లెపొద మూడు నాలుగేళ్లుగా కళకళలాడుతున్నాయో గమనించి, వాటిని చూస్తున్నది ఎవరని ఆ ఇంటివారిని అడగండి. సీజన్ పూలు చూసి నిర్ణయానికి రావద్దు. నర్సరీ నుంచి పూసిన కుండీలు తెచ్చి పెట్టడం ఎవరైనా చేయగలరు.

నెలకు మాట్లాడుకునే ముందు ఒక పూట పని కూలి ఇచ్చి చేయించుకోండి. గులాబీ కొమ్మ కత్తిరించమనండి. పని తెలిసినవాడు కొమ్మను తిప్పి చూసి, బయటి వైపు తిరిగిన కన్ను వెతికి, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కోస్తాడు. ఎండుతెగులు ఉన్న కొమ్మ కోశాక కట్టర్‌ను తుడుస్తాడు. నీళ్లు పోసే ముందు కుండీలో వేలు గుచ్చి తడి చూస్తాడు. మొక్కను కవరులోంచి తీసేటప్పుడు కాండం పట్టి లాగడు, కవరు కోసి మట్టి ముద్ద కింద చెయ్యి పెడతాడు. ఈ నాలుగూ గమనిస్తే మీకు వేరే పరీక్ష అక్కర్లేదు.

కుదిరాక ఒప్పందం కాగితం మీద రాసి ఇద్దరూ తలొకటి ఉంచుకోండి. వారానికి ఎన్నిసార్లు రావాలి, వచ్చినప్పుడు ఎన్ని గంటలు ఉండాలి, ఎరువు, మందులు ఎవరు కొనాలి, కత్తిరించిన కొమ్మలను ఎవరు బయట వేయాలి, సెలవులెన్ని, వాన పడి పని జరగని రోజు సంగతేమిటి? ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. గుంతలు తవ్వడం, కుండీలన్నిటికీ మట్టి మార్చడం, చెట్టెక్కి కొమ్మలు కొట్టడం నెల జీతంలోకి రావు. వాటికి విడిగా కూలి కట్టివ్వడం న్యాయం. వేసవిలో ఉదయం 6 నుంచి 10 గంటల్లోపు పని ముగించేలా చూడండి. చేతితొడుగులు, బూట్లు మీరే కొనివ్వండి.

ఇంకొక్క పని మరచిపోవద్దు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల లోపు వారికి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. దాని ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మాలి ఖాతాలో అది ఉందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి, లేకపోతే చేయించండి. అసంఘటిత కార్మికులకు 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవడానికి కూడా సాయం చేయండి. చెట్లెక్కే మనిషికి, కొడవలి, కత్తెర పట్టే మనిషికి ఈ బీమా చాలా అవసరం. కరెంటు తీగలకు తగిలే కొమ్మలను మాత్రం ఎంత అడిగినా మాలితో కొట్టించవద్దు. విద్యుత్ సిబ్బందికి చెప్పి, సరఫరా ఆపించి చేయించాల్సిన పని అది. చెట్టును మొదలంటా కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి.

నేల: గడ్డపార చెప్పే మాట వినండి

ఈ కొండల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాని మీద జానెడో మూరెడో ఎర్రమట్టి, మొరం. ఈ నేల నీటిని త్వరగా వదిలేస్తుంది, పోషకాలు తక్కువ. పైగా కొత్త ఇళ్ల చుట్టూ పైపొరలో ఇటుక ముక్కలు, సిమెంటు కలిసి ఉంటాయి. వాటిని ఏరించకుండా మొక్క పెట్టకండి.

పండ్ల మొక్కకు మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత అని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ రెండడుగులకే గడ్డపార ఖంగుమంటుంది. తగిలింది విడి రాయి అయితే తీసేయవచ్చు. పరుపుబండ అయితే అక్కడితో ఆగండి. గుంతను నీటితో నింపి మర్నాడు ఉదయం చూడండి. నీళ్లు ఇంకిపోతే ఫరవాలేదు, లోతు తగ్గిన మేరకు వెడల్పు పెంచితే చాలు. నీళ్లు అలాగే నిలిచి ఉంటే ఆ గుంతలో నాటిన బొప్పాయి, నిమ్మ శ్రావణం లోపే మొదలు కుళ్లి పోతాయి. అక్కడ తవ్వడం మాని, నేల మీద అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. పెద్ద బండలుంటే పగలగొట్టించకండి. వాన నీరు బండ మీద నుంచి జారి దాని మొదట్లో చేరుతుంది. ఆ తడిలో సీతాఫలం చక్కగా బతుకుతుంది. పాలమూరు రాళ్ల నేలల్లో పెరిగే బాలానగర్ రకం దీనికి అనువైనది.

తవ్విన గుంతను రోహిణి ఎండకు పది పదిహేను రోజులు వదిలేయండి. తర్వాత పైమట్టిలో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. ఎరువును పిడికిట్లో పట్టి చూడండి. మట్టి వాసన వస్తూ పొడిపొడిగా ఉంటే తీసుకోండి. పేడ వాసన వస్తే ఇంకా చివకలేదని అర్థం, అందులో వేర్లను కొరికే పురుగులుంటాయి. పది కిలోల ఎరువులో (అందులో ఒక కిలో వేపపిండి) 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం పది రోజులు ఉంచి వాడితే వేరుకుళ్లు చాలావరకు తగ్గుతుంది.

నగరంలో అమ్మే మొక్కల్లో చాలా భాగం గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తుంది. వాటి వేళ్ల చుట్టూ ఉండేది జిగురు బంకమట్టి. మన ఎర్రమట్టిలో అలాగే నాటితే ఆ ముద్ద ఎండి రాయిలా గట్టిపడుతుంది, వేళ్లు బయటికి రాలేవు. పైన నీళ్లు పోసినా లోపల మొక్క దాహంతో చస్తుంది. తెచ్చిన మొక్కను వారం నీడలో ఉంచి, నాటే రోజు ముద్దను బాగా నానబెట్టి, చుట్టూ ఉన్న బంకను వేర్లు తెగకుండా చేతివేళ్లతోనే మెల్లగా రాల్చి నాటండి. ఈ పని మీ కళ్ల ముందే జరగాలి.

డాబా మీద తోట వేసేవారు బరువు చూసుకోవాలి. తడిసిన మట్టి ఘనపుటడుగుకు 50 కిలోల దాకా తూగుతుంది. సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ము నిండితే 150 కిలోల పైమాటే. అలాంటివి బీముల మీదే రావాలి. సగం ఎర్రమట్టి, తక్కిన సగంలో చివికిన ఎరువు, కొబ్బరిపొట్టు సమానంగా కలిపితే బరువు తగ్గుతుంది.

వానకాలం: మృగశిర నుంచి హస్త దాకా

మొదటి చినుక్కే నాటవద్దు. రెండు మంచి వానలు పడి జానెడు లోతు తడిశాక నాటండి. ఆరుద్రలోపు బెండ, బీర, సొర, కాకర, గోంగూర, తోటకూర విత్తుకోవాలి. పందిరి చిక్కుడు జులైలో పెడితే సంక్రాంతికి కాయ చేతికొస్తుంది. బతుకమ్మకు ఇంటి బంతిపూలు కావాలంటే జులై మొదటి పక్షంలోనే నారు పోయాలి. నెల నారును నాటిన 50, 60 రోజులకు పూలు మొదలవుతాయి. సీతజడ గింజలు కూడా అప్పుడే చల్లండి. చేమంతి పిలకలు విడదీసి నాటి, నెలకు తలలు తుంచితే గుబురుగా వస్తుంది. మామిడికి కోత అయిపోయిన జూన్, జులైల్లోనే ఎండుకొమ్మలు, లోపలి అల్లిబిల్లి కొమ్మలు తీయించండి. ఆలస్యమైతే పూత దెబ్బతింటుంది.

వానల్లో కుండీల కింది పళ్లాలు తీసేయండి. డెంగీ దోమ నిలవ నీటిలో గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రమ్ములు, పాత టైర్లు, గాబులు బోర్లించి ఆరబెట్టే పని మాలి ఒప్పందంలోనే ఉండాలి. బండల సందుల్లో, ఆకుల కుప్పల్లో పాములుంటాయి. కర్రతో కదిలించాకే చెయ్యి పెట్టమని చెప్పండి. కనబడితే చంపవద్దు, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి కబురు చేయండి.

డాబా మీద పడిన నీటిని వదులుకోకండి. 100 గజాల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 800 లీటర్లు దాటుతుంది. ఇంకే నేలైతే ఇంకుడు గుంతలోకి, పరుపుబండ అయితే సంపులోకి మళ్లించండి.

చలికాలం: చిత్త నుంచి ధనిష్ఠ దాకా

గులాబీ కత్తిరింపు అక్టోబరు రెండు, మూడు వారాల్లో జరగాలి. కోసిన చోట్ల కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూసి, మొదట్లో ఎరువు వేసి తడిపితే సుమారు 45 రోజులకు పూలు. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరు, అక్టోబరుల్లో పోయాలి. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ విత్తనాలను పదిహేను రోజులకోసారి కొద్దికొద్దిగా వేస్తే ఫిబ్రవరి దాకా ఇంటి కూరే.

మల్లెకు నవంబరు చివర నీళ్లు తగ్గించి, డిసెంబరు, జనవరుల్లో కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేసి నీళ్లివ్వండి. వేసవంతా పూస్తుంది. మామిడికి నవంబరు నుంచి పూత వచ్చేదాకా నీళ్లు ఆపాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ తడి. పూత చూసి మురిసిపోయి ముందే నీళ్లు పెడితే కొత్త చిగురు వస్తుంది, కాయ నిలవదు.

వేసవి: నీటి లెక్క

శివరాత్రి దాటగానే మొక్కల మొదళ్లలో ఎండాకు, కొబ్బరిపీచు రెండు మూడు అంగుళాల మందాన కప్పించండి. కూరగాయల కుండీల మీద 50 శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టండి. తెల్లవారుజామున ఒక్కసారి నిండుగా తడపడం, రోజంతా కొంచెం కొంచెం చల్లడం కంటే మేలు. ఆర్‌వో యంత్రం వదిలే నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు పోయకండి.

లాన్ విషయం గట్టిగా చెప్పాలి. మెక్సికన్ గ్రాస్ అయినా, సెలక్షన్ వన్ అయినా ఎండాకాలం చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల దాకా తాగుతుంది. వంద గజాల లాన్‌కు నెలకు 12 వేల లీటర్లు. 2021లో మొదలైన ఉచిత తాగునీటి పథకం ఒక ఇంటికి నెలకు ఇచ్చేది 20 వేల లీటర్లు. సినిమాల్లో చూసిన పచ్చిక బాగానే ఉంటుంది గాని, బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే పేటల పక్కన అంత నీరు గడ్డికి పోయడం తగదు. లాన్‌ను పావు వంతుకు తగ్గించి, తక్కిన చోట నందివర్ధనం, గన్నేరు, కరివేపాకు, సీతాఫలం వంటివి పెట్టుకోండి.

మందుల దగ్గర జాగ్రత్త

పిండినల్లి, పేనుబంక కనబడగానే ముందు నీటి ధారతో కడిగించండి. తగ్గకపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, కొంచెం సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అదీ ఎండ లేని వేళ. వేరుకుళ్లుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదట్లో పోయాలి.

పేరు లేని సీసాలో తెచ్చిన మందు ఏదైనా వద్దనండి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు. తినే ఆకు, కాయ ఉన్న కుండీల్లో పురుగుమందు గుళికలు చల్లనివ్వకండి. పిచికారీ చేసే మాలికి మాస్కు, తొడుగులు, పని అయ్యాక సబ్బు, నీళ్లు ఇవ్వడం యజమాని బాధ్యత.

సందేహం వస్తే రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలను అడగండి. వారు చెప్పింది మీరు విని ఊరుకోకుండా మాలికీ చెప్పండి. అతను మరో పది ఇళ్ల మొక్కలు కూడా చూస్తాడు. అతనికి తెలిసిన ప్రతి మంచి పద్ధతీ ఆ పది ఇళ్లకూ చేరుతుంది. రోహిణి దాటక ముందే మాలిని పిలిచి కూర్చోబెట్టండి, ఏడాది పనులు కలిసి రాసుకోండి, జీతం నెల మొదటి తేదీనే ఇవ్వండి.