తామస్ బ్యూయిక్ చెక్కిన జంతువులు

గడచిన సంవత్సరము మేము ఆరవ తరగతి పిల్లలను మేకబొమ్మ వ్రాయుడని కోరితిమి. పలువురు నిక్కపొడుచుకొన్న చిన్నచెవుల మేకను వ్రాసిరి. మన యూరి మేకల చెవులు వ్రేలాడుచుండును గదా! విచారింపగా, వారు యింగ్లీషు బొమ్మల పుస్తకములోని మేకను తలచుకొని వ్రాసిరని తేలెను. దినదినము మందలను దాటి బడికి వచ్చు బిడ్డలకు పుస్తకములోని మేకయే మేకగా తోచుట మమ్మును కలతపెట్టెను. ఇట్టి కొరతనే బాల్యమున గుర్తించి, పెద్దవాడై దానిని తీర్పబూనిన యొక శిల్పిని గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

తామస్ బ్యూయిక్ 1753వ సంవత్సరమున ఇంగ్లండు ఉత్తరభాగమందలి నార్తంబర్లండు సీమలో, చెర్రీబర్ను అను పొలమింట జన్మించెను. పాఠములకంటె బొమ్మలపైననే అతనికి మక్కువ. పుస్తకపు అంచులు నిండిపోగా, సుద్దముక్కతో సమాధిరాళ్లమీదను, దేవాలయపు వాకిటి నేలమీదను వ్రాసెడివాడు. (మా విద్యార్థులు ఈ విషయమున అతని ననుకరింపవలదని మనవి.) ఆ కాలమున పిల్లలకు దొరకిన మృగముల పుస్తకములలోని బొమ్మలు మిక్కిలి మోటువి. తానైన ఇంతకంటె బాగుగా వ్రాయగలనని అతనికి తోచెను. 1767లో న్యూకాసిల్ పట్టణమున రాల్ఫ్ బీల్బీ అను చెక్కడపు పనివానియొద్ద శిష్యుడుగా చేరెను.

అతని పనితనమును కొంత వివరించెదము. పూర్వులు చెక్కను నిలువుగా కోసిన పలకమీద కత్తితో చెక్కెడివారు. పోగు అడ్డువచ్చుటచే సన్నని గీతలు కుదరవు. బ్యూయిక్ బాక్సు అను గట్టిచెట్టు మ్రానును అడ్డముగా కోసి, ఆ ముఖమును నునుపుచేసి, లోహపు పనివారి సన్నని ఉక్కుపనిముట్టుతో చెక్కెను. చెక్కిన గీత సిరా నంటక తెల్లగా నిలుచును. మిగిలినది నల్లగా పడును. కావున అతడు నల్లని దానిలోనుండి వెలుతురును గీసెనని చెప్పవచ్చును. అంతేకాక, రాగిరేకు బొమ్మలకు వేరు యంత్రము కావలెను; చెక్కదిమ్మె యన్ననో అక్షరములతోగూడ ఒకే పర్యాయము అచ్చుపడును. ఇందువలన వ్రాతయు బొమ్మయు ఒకే పుటలో చేరెను, ఖర్చును తగ్గెను.

1790లో అతని చతుష్పాద జంతువుల చరిత్రము వెలువడెను. అందులో తానెరిగిన జంతువులను జ్ఞాపకమునుండి వ్రాసెను. ఎరుగనివానిలో కొన్నిటిని ఊరూర త్రిప్పు మృగప్రదర్శనములలో చూచెను. మరికొన్నిటిని ఇతరుల గ్రంథములనుండి తీసికొనెను. ఎరిగినవానిలోనే జీవమెక్కువ అని మా అభిప్రాయము.

అంతకు ముందటి యేడు, అనగా 1789లో, చిల్లింగ్‌హాము వనమందలి తెల్లని అడవియెద్దును చెక్కుటకు అతడు పడిన పాటు వినదగినది. మంద ధూళి రేపుచు తిరుగుచుండుటచే చూచి వ్రాయ వీలుకాలేదు. కడకు, పోరులో ఓడి యొంటరియై తిరుగు నొక యెద్దును వెదకి, దానికి వాసన తగులకుండ గాలికి ఎదురువైపున, మోకాళ్లమీదను చేతులమీదను ప్రాకిపోయి చిత్తు గీసికొని వచ్చెను. అంత శ్రమపడి చెక్కిన దిమ్మె కొలది ప్రతులు తీసినంతనే పగిలిపోయెను!

పక్షుల గ్రంథము 1797లోను 1804లోను రెండు సంపుటములుగా వచ్చెను. దానికై మొదట గడ్డికూరిన పక్షులను చూచి వ్రాసెను గాని, వాని నిలుకడ బిగుసుకొని సహజముగా లేకుండుటచే, అప్పుడే చంపబడినవానికొరకో సజీవమైనవానికొరకో కాచుకొనసాగెను. ఆదాముసహితము జంతువులు తన యెదుటికి వచ్చిన పిమ్మటనే గదా వానికి పేరులు పెట్టెను.

బ్యూయిక్ 1828లో మరణించెను. మన దేశపు చట్టము ప్రకారము, చిత్రకారుడు గతించిన యేడు ముగిసినది మొదలు అరువది యేండ్లకు గ్రంథస్వామ్యము తీరును గనుక, ఈ బొమ్మలను ఎవరైనను స్వేచ్ఛగా ముద్రించుకొనవచ్చును. మేమును కొన్నిటిని తరగతి గోడలకు అంటించితిమి.

ఈ యేడు పిల్లలను మాత్రము దొడ్డికి తీసికొనిపోయి, మేకను ఎదుట నిలిపి వ్రాయించితిమి. అది యొక్క గడియయైనను కుదురుగా నిలువలేదు. బొమ్మలు మునుపటికంటె వికారముగానే వచ్చినవి. చెవులు మాత్రము వ్రేలాడుచున్నవి.